బాల్కనీ తోట: తల వాల్చిన మొక్కకి వెంటనే నీళ్ళు పోయకండి

మార్చి వచ్చేసింది. రౌండెబౌట్ల దగ్గర పెటూనియాలు, బంతిపూలు ఇంకా విరగబూస్తున్నాయి గానీ, పొద్దున్న పదింటికల్లా ఎండ చురుక్కుమంటోంది. ఇంకో ఆరేడు వారాలు పోతే మన బాల్కనీలు మళ్ళీ పెనాలైపోతాయి. అంతలోపే ఒక మొక్క గురించి చెప్పేయాలి.

పోయిన నెల ఏడెనిమిది మంది ఒకే రకం ఫొటో పంపారు. బుదయ్య రోడ్డు మీద నర్సరీల్లో వేలాడే బుట్టల్లో పెట్టిన మొక్క. బుట్టకమ్మల్లాగా కిందికి వేలాడే పూలు, పైన ఎరుపు రెక్కలు, లోపల ఊదారంగు గౌను. "ఇదేంటక్కా? మనింట్లో బతుకుతుందా?" అని అందరిదీ ఒకటే ప్రశ్న.

దాని పేరు ఫ్యూషియా. బతుకుతుంది, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత సంగతి చివర్లో చెబుతాను. అందులో ఒక కథ ఉంది, కథలో నా తప్పూ ఉంది.

ఎక్కడి పువ్వు ఇది?

నేను దీన్ని మొదటిసారి చూసింది ఊటీలో, నర్సింగ్ చదివేటప్పుడు కాలేజీ టూరుకి వెళ్ళినప్పుడు. ఒక టీ కొట్టు వసారాలో పాత నూనె డబ్బాల్లో పెంచి వరసగా వేలాడదీశారు. మా రూమ్మేట్ రాలిన పువ్వొకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని "ఎలా ఉన్నాయే నా కమ్మలు?" అంది. ఇంగ్లీషు వాళ్ళు కూడా దీన్ని ముద్దుగా ఆడవాళ్ళ చెవి కమ్మలు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారని తర్వాత తెలిసింది. ఆడవాళ్ళ కళ్ళు ఎక్కడైనా ఒకటే!

మాది రాజమండ్రి దగ్గర. ఆ సెలవుల్లో కడియం నర్సరీలకి వెళ్ళి ఈ మొక్క కావాలని అడిగాను. అక్కడి పెద్దాయన నవ్వి, "అమ్మాయ్, అది కొండమీద మంచు తాగి బతికే మొక్క. మన ఎండకి ఆగదు. నీకు బుట్టలే కావాలంటే జుంకా మందారం పట్టుకెళ్ళు" అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పినదాంట్లో ఎంత నిజముందో బహ్రెయిన్ వచ్చాక మూడు మొక్కలు పోగొట్టుకుని గానీ నాకు తెలియలేదు.

ఈ మొక్కకి పేరు పెట్టినాయన షార్ల్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి. కరీబియన్ దీవుల్లో దీన్ని చూసి, 1703లో అచ్చయిన తన పుస్తకంలో లియోన్‌హార్ట్ ఫుక్స్ పేరు దీనికి పెట్టాడు. ఫుక్స్ అప్పటికి నూటయాభై ఏళ్ళ కిందటి జర్మన్ వైద్యుడు, మందు మొక్కల మీద పెద్ద పుస్తకం రాసినవాడు. డాక్టరు పేరున్న పువ్వు కాబట్టి మన నర్సులకి దగ్గర చుట్టమే అనుకోవాలి. ఇందులో వంద పైచిలుకు జాతులున్నాయి. ఎక్కువ భాగం దక్షిణ అమెరికా కొండల్లోవి. కొన్ని న్యూజిలాండ్‌లో ఉన్నాయి, అక్కడ ఒక జాతి పెద్ద చెట్టే అవుతుంది.

ఇంకో మాట. మనం "రాణీ కలర్" అనే చీర రంగుని షాపువాళ్ళు "ఫ్యూషియా పింక్" అంటారు కదా, ఆ పేరు ఈ పువ్వు నుంచి వచ్చిందే. 1859లో ఫ్రాన్స్‌లో ఒక కొత్త అద్దకం రంగు తయారుచేసి ఈ పువ్వు పేరు మీద ఫుక్సీన్ అన్నారు. ఆ ఏడే జరిగిన ఒక యుద్ధం పేరుతో దాన్నే మెజెంటా అని కూడా పిలిచారు. కాబట్టి మీ బీరువాలో ఫ్యూషియా ఎప్పుడో పూసేసింది.

మన ఊళ్ళో దీనికి ఎన్ని రోజులు?

ఈ మొక్కకి పగలు 18 నుంచి 24 డిగ్రీలు, రాత్రి ఇంకా చల్లగా ఉంటే పండగ. 27, 28 దాటితే పూలు తగ్గిస్తుంది. 30 దాటి రోజులు గడిస్తే మొగ్గలు రాల్చేస్తుంది. ఇప్పుడు మన లెక్క చూడండి. జనవరిలో ఇక్కడ పగలు 20 దగ్గర, రాత్రి 14, 15. దానికి పుట్టిల్లులాంటి వాతావరణం. ఏప్రిల్‌లో పగలు 30కి చేరుతుంది. మే నెలలో 35. ఆగస్టులో పగలు 38 పైన, రాత్రి కూడా 30కి దిగదు, పైగా సముద్రపు ఉక్క.

అసలు దెబ్బ ఆ రాత్రులదే. పగలు ఎంత వేడున్నా రాత్రి చల్లబడితే మొక్క కోలుకుంటుంది. రాత్రీ చల్లబడకపోతే దానికి ఊపిరి తీసుకునే టైమే ఉండదు. మండే నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పనిచేయించకూడదని ఇక్కడ ప్రభుత్వమే నిషేధం పెట్టింది. మనుషులకే అలా ఉంటే, మంచుకొండల మొక్కని పడమటి బాల్కనీలో నిలబెట్టి "ఎందుకు చచ్చిపోయింది?" అని అడగటం న్యాయమా?

కాబట్టి మొదటే ఒక ఒప్పందానికి రండి. ఇక్కడ ఫ్యూషియా మన ఇంటి మనిషి కాదు, చలికాలం చుట్టం. ఐదారు నెలలు ఉంటుంది. చుట్టం వెళ్ళిపోతే మనం మర్యాద తక్కువ చేసినట్టు కాదు.

కొనేటప్పుడు, కుండీలో పెట్టేటప్పుడు

నిండా పూలున్న మొక్కకి ఆశపడకండి. ఆకులు ముదురు పచ్చగా, కొమ్మలు గుబురుగా, మొగ్గలు ఎక్కువ, విచ్చిన పూలు తక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. ఆకు తిప్పి అడుగున చూడండి. తెల్లటి పొడిలాంటి పురుగులు ఎగిరితే తెల్లదోమ, నారింజరంగు పొడి మచ్చలుంటే తుప్పు తెగులు. రెండిట్లో ఏదున్నా అక్కడే వదిలేసి రండి.

రకాల్లో, సన్నగా పొడుగ్గా గొట్టాల్లాంటి నారింజ ఎరుపు పూలు గుత్తులుగా పూసేవి కాస్త వేడికి ఆగుతాయి. గౌనుల్లా కుచ్చిళ్ళు పోసుకునే ముద్దపూల రకాలు చూడటానికి బాగుంటాయి గానీ ముందు వాలిపోయేది అవే.

బయటి మట్టి వాడకండి. ఇక్కడి నేల ఇసుక, ఉప్పు, సున్నం. నేను కలిపేది ఇది: సంచిలో దొరికే కుండీ మట్టి రెండు పాళ్ళు, నానబెట్టి రెండుసార్లు కడిగి పిండిన కొబ్బరి పొట్టు ఒక పాలు, పెర్లైట్ ఒక పాలు, గుప్పెడు కంపోస్టు. కొబ్బరి పొట్టు కడగమన్నది ఎందుకంటే కొన్నిట్లో ఉప్పు ఉంటుంది. చిన్న మొక్కని ఒకేసారి పెద్ద కుండీలో పెట్టకండి. వేళ్ళు అందుకోలేని మట్టి అంతా తడిగా ఉండిపోయి కుళ్ళు పుడుతుంది. ఒక మొక్కకి ఎనిమిది అంగుళాల కుండీ చాలు, అడుగున కన్నాలు తప్పనిసరి. నల్ల ప్లాస్టిక్ కుండీ వేడెక్కుతుంది, మట్టిదో తెల్లదో మేలు.

తూర్పు బాల్కనీ అయితే మీరు అదృష్టవంతులు. పొద్దున్న ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా నీరెండ తగిలి, తర్వాత నీడలో వెలుతురు ఉండాలి. ఉత్తరం వైపు బాల్కనీ కూడా ఫర్వాలేదు. షమాల్ గాలి లేచిన రోజు మాత్రం లోపల పెట్టేయండి. ఆ గాలి ఒక్క మధ్యాహ్నంలో ఆకుల్ని అప్పడాలు చేసేస్తుంది. దుమ్ము పడితే మర్నాడు పొద్దున్నే సన్నని నీటి తుంపరతో ఆకులు కడగండి.

అసలు సంగతి: నీళ్ళు

నా మొదటి ఫ్యూషియా చనిపోయింది ఎండకి కాదు, నా ప్రేమకి.

ఏప్రిల్ మొదటి వారం. డ్యూటీ నుంచి మూడున్నరకి ఇంటికొచ్చి చూస్తే మొక్క తల వాల్చేసి ఉంది. "అయ్యో, దాహం" అని ఒక మగ్గు పోశాను. సాయంత్రానికి లేచింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వాలింది, మళ్ళీ పోశాను. నాలుగో రోజు సాయంత్రం అది లేవలేదు. ఇంకో మగ్గు పోశాను. వారానికి కాండం మొదలు నల్లబడిపోయింది. కుండీ బోర్లిస్తే మట్టి బురద, వేళ్ళు ఉడికిన సేమ్యాలా చేతికొచ్చాయి.

జరిగిందేమిటంటే, వేడి మధ్యాహ్నం ఆకులు ఎంత వేగంగా నీరు వదులుతాయో అంత వేగంగా వేళ్ళు అందించలేవు. అందుకని ఆకు వాలుతుంది. మట్టిలో నీళ్ళున్నా సరే వాలుతుంది. అది దాహం కాదు, అలసట. చల్లబడ్డాక దానంతట అదే లేస్తుంది. మనం అప్పుడు నీళ్ళు పోస్తే మట్టిలో గాలి ఉండే ఖాళీలన్నీ నిండిపోతాయి. గాలి లేక వేళ్ళు చస్తాయి. వేళ్ళు చచ్చిన మొక్క నీళ్ళు పీల్చుకోలేదు కాబట్టి మళ్ళీ తల వాలుస్తుంది, మనం మళ్ళీ పోస్తాం. ఈ చక్రం మొక్కని మింగేస్తుంది.

వార్డులో మేం ఇది చెయ్యం. గుండె బలహీనంగా ఉన్న పేషెంట్ నీరసంగా ఉన్నాడని సెలైన్ ఎక్కించేస్తామా? ముందు కాళ్ళ వాపు చూస్తాం, ఎంత తాగాడో ఎంత పోశాడో చార్టు చూస్తాం, డాక్టర్ని అడుగుతాం. రోజంతా ఆ పని చేసి ఇంటికొచ్చి, మొక్క దగ్గర మాత్రం చూడకుండా మగ్గు ఎత్తేశాను.

ఇప్పుడు నేను చేసేది ఇది:

ఒకటి. మొక్క వాలితే ముందు వేలు మట్టిలో రెండో కణుపు దాకా దించి చూడండి. తడి తగిలితే నీళ్ళు వద్దు. కుండీని నీడలోకి జరిపి, ఆకుల మీద తుంపర కొట్టి వదిలేయండి.

రెండు. కుండీ ఎత్తి బరువు చూడటం అలవాటు చేసుకోండి. నిండా తాగిన కుండీ ఎంత బరువుంటుందో, ఆరినది ఎంత తేలికో వారంలో చేతికి తెలిసిపోతుంది.

మూడు. పోస్తే పొద్దున్నే పోయండి, అడుగు కన్నాల్లోంచి కారేదాకా. పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయండి. మొత్తం ఎండిపోనివ్వకూడదు కూడా. పిండిన స్పాంజిలాంటి తడి ఉండాలి.

నాలుగు. ఎండ ముదిరాక కొళాయి నీళ్ళు పట్టి అలాగే పోసేయకండి. డాబా మీద ట్యాంకులో కాగి వస్తాయి. రాత్రే బకెట్లో పట్టి ఇంట్లో ఉంచితే పొద్దుటికి చల్లబడతాయి. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టుకుంటే ఇంకా మంచిది, వాటిలో ఉప్పు ఉండదు. మొదటి అరగంట నీళ్ళు మురికిగా ఉంటాయి, అవి వదిలేయండి. ఆకు అంచులు గోధుమరంగులో మాడుతుంటే అది చాలాసార్లు ఉప్పు గుర్తు. అలాంటప్పుడు ఈ నీళ్ళతోనే కుండీని ఒకసారి బాగా కడిగినట్టు పోయండి.

గిల్లటం, తిండి పెట్టటం, పురుగులు

ఫ్యూషియా కొత్త చిగురు మీదే పూస్తుంది. కొమ్మకి మూడు జతల ఆకులు రాగానే కొస గిల్లేయండి. అక్కడినుంచి రెండు కొమ్మలు వస్తాయి. మనసొప్పక గిల్లకపోతే ఒకటే కొమ్మ పొడుగ్గా సాగి నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. గిల్లిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి పూలొస్తాయి. కాబట్టి గిల్లటాలన్నీ జనవరిలోపు అయిపోవాలి. ఇప్పుడు మార్చిలో గిల్లితే మొగ్గ వేసేసరికి ఎండ వచ్చేస్తుంది. వాడిన పువ్వుతోపాటు దాని వెనక చిన్న కాయ కూడా తుంచేయండి. కాయ ముదిరితే మొక్క పూయటం తగ్గిస్తుంది.

పూల మొక్కలకి వాడే ద్రవ ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో సగం మోతాదు, పది రోజులకోసారి, తడి మట్టిలోనే వేయండి. ఎండలు మొదలవగానే ఆపేయండి. జ్వరంతో ఉన్నవాళ్ళకి బిర్యానీ పెట్టం కదా.

బియ్యం కడుగు, టీ పొడి, అరటి తొక్కల నీళ్ళ గురించి చాలామంది అడుగుతారు. బయట పెద్ద కుండీల్లో ఉన్న కరివేపాకుకి ఏం పోసినా చెల్లుతుంది. ఇంట్లో చిన్న కుండీలో పోస్తే పులిసి వాసనొచ్చి, చిన్న నల్ల దోమలు పుడతాయి. ఉప్పు వేసి ఉడికించిన నీళ్ళు మాత్రం ఏ మొక్కకీ వద్దు.

పేనుబంక, తెల్లదోమ వస్తే లీటరు నీళ్ళలో చెంచా వేప నూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు బాగా గిలకొట్టి, సూర్యుడు దిగాక ఆకు అడుగున పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేడి పెరిగి గాలి పొడిగా ఉన్నప్పుడు సన్నటి గూళ్ళతో ఎర్రనల్లి వస్తుంది, దానికి రోజూ ఆకు అడుగున నీటి తుంపరే మంచి మందు.

ఎండాకాలం సంగతి, ఆ కథ

ఇది ఆమె చదివి "రాయక్కా" అన్నాకే రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట నా మూడో ఫ్యూషియా. ఆ ఏడు జాగ్రత్తగా జూన్ దాకా లాక్కొచ్చి, ఏసీ గదిలో కిటికీ పక్కన పెట్టాను. పూలు లేవు గానీ ఆకులున్నాయి. జులైలో నలభై రోజులు లీవు మీద ఊరికి వెళ్ళాలి. మా పై ఫ్లాట్‌లోకి అప్పటికి నాలుగు నెలల కిందటే ఒక అమ్మాయి వచ్చింది. కరీంనగర్ వైపు. పెళ్ళయి ఏడాది, భర్తకి పన్నెండు గంటల షిఫ్టు. నాకు బాగా అలవాటైంది. మొక్క ఆమెకిచ్చి, ఎయిర్‌పోర్టుకి బయలుదేరే హడావుడిలో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను: "రోజూ నీళ్ళు పొయ్యి చెల్లీ, అంతే."

అంతే అన్నాను. వేలు పెట్టి చూడమని చెప్పలేదు.

తిరిగొచ్చాక ఫోన్ చేస్తే ఎత్తదు. మెసేజ్ చూస్తుంది, జవాబివ్వదు. లిఫ్టులో కనపడదు. వారం చూసి, నాకే మనసాగక పైకెళ్ళి తలుపు కొట్టాను. తీసింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నేను లోపలికి రాకముందే "అక్కా, నీ మొక్కను నేనే సంపిన" అంది.

"రోజుకు రెండుసార్లు పోసిన అక్కా. తల వంచినప్పుడల్లా పోసిన. పోసినకొద్దీ ఇంకింత వంచింది. నీకు మొఖం ఎట్ల సూపియ్యాల్నో తెల్వలే."

"నేను రెండు చంపాను తల్లీ, నీది ఒకటే" అన్నాను. నవ్వబోయి ఏడ్చింది. ఆ ఏడుపు మొక్క కోసం కాదని వినగానే తెలిసింది.

టీ పెట్టుకుని కూర్చున్నాం. రెండు గంటలు. మొదటి ఎండాకాలం. ఐదు వారాలుగా శుక్రవారం సరుకులకి తప్ప కిందికి దిగలేదు. కిటికీ కర్టెన్ తీస్తే వేడని తీయదు. రాత్రి నిద్ర లేదు, పగలు లేవబుద్ధి కాదు. ఇంటికి వీడియో కాల్‌లో రోజూ "మంచిగున్న అమ్మా" అని చెప్తోంది. ఎవరికి చెప్పినా సలహానే వచ్చిందట. "నీళ్ళు బాగా తాగు, యోగా చెయ్యి, నలుగురితో కలువు, పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటయి."

ఆ సలహాలు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఊరినుంచి రోజూ పొద్దున్నే పువ్వు బొమ్మ, ఒక ఆరోగ్య సూత్రం ఫార్వర్డ్ చేశాను. మొక్క ఎలా ఉందని మూడుసార్లు అడిగాను. నువ్వెలా ఉన్నావని ఒక్కసారీ ఫోన్ చేసి అడగలేదు. పద్దెనిమిదేళ్ళుగా నర్సుని నేను.

మర్నాడు నేనే తోడుండి హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఓపిగ్గా విని, రక్త పరీక్షలు రాసి, మాట్లాడటానికి కౌన్సిలర్ దగ్గరికి పంపింది. విటమిన్ డి బాగా తక్కువుందని తేలింది, దానికి మందిచ్చారు. సాయంత్రాలు ఆరున్నర తర్వాత ఇద్దరం కలిసి కిందికి దిగటం మొదలుపెట్టాం. చాలారోజులు ఏమీ మాట్లాడుకోలేదు. పక్కన నడవటమే. అక్టోబరు చివర చల్లగాలి తిరిగేసరికి మనిషి కొంచెం తేరుకుంది. ఇంకో ఆరు నెలలు పట్టింది మామూలు కావటానికి.

గ్రూపులో ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీకిది మొదటి ఎండాకాలం అయితే ఒక మాట చెప్పాలి. రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి, ఉత్సాహం పోయి ఏడుపొస్తుంటే అది మీ బలహీనత కాదు, డాక్టరుకి చూపించుకోవలసిన విషయం. చనిపోవాలనే ఆలోచనలు వస్తే ఆగకండి, ఇంట్లోవాళ్ళని లేపండి, 999కి ఫోన్ చేయండి. పాతవాళ్ళకి కూడా ఒక మాట. ఈ మధ్య గ్రూపులో ఎవరు కనపడటం లేదో ఒకసారి చూడండి. ఫార్వర్డ్ పంపొద్దు, తలుపు కొట్టండి.

కొమ్మలు దాచుకోవటం

పెద్ద మొక్కని ఎండాకాలం దాటించాలని యాతన పడకండి. దాని కొమ్మల్ని దాటించటం తేలిక. ఇప్పుడే, ఈ మార్చిలోనే చేయాలి.

పువ్వు, మొగ్గ లేని లేత కొసలు మూడు అంగుళాలు, ఆకు కణుపు కింద కత్తిరించండి. కింది ఆకులు తీసేసి, తడిపిన కొబ్బరి పొట్టు, పెర్లైట్ సగం సగం కలిపిన చిన్న గ్లాసుల్లో గుచ్చండి. పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసు బోర్లించండి. ఎండ తగలని వెలుతురులో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో వేళ్ళొస్తాయి. కొత్త చిగురు కనపడితే పాస్ అయినట్టే. బోర్లించిన గ్లాసు రోజుకి కాసేపు చొప్పున తీస్తూ అలవాటు చేయండి.

మే నుంచి అవి ఏసీ 24లో ఉండే గదిలో, ఉత్తరపు కిటికీ దగ్గర ఉండాలి. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. గులకరాళ్ళు, నీళ్ళు వేసిన పళ్ళెం మీద కుండీ పెడితే చుట్టూ కాస్త తేమ ఉంటుంది, కుండీ అడుగు నీళ్ళలో మునగకూడదు. ఎరువు వద్దు, పూలు ఆశించొద్దు. లీవుకి వెళ్ళి ఏసీ ఆపేస్తే బతకవు, ఎవరింట్లోనైనా పెట్టి వెళ్ళాలి. పోయినేడు ఆరు కొమ్మలు పెడితే నాలుగు వేళ్ళేశాయి, అక్టోబరుకి మిగిలినవి రెండు. నాకు అది గొప్ప పంటే.

ఏసీ, వెలుతురు కుదరనివాళ్ళు మొక్కని మే మొదటి వారంలో సాగనంపి, నవంబరులో కొత్తది తెచ్చుకోండి. ఏడాది పొడుగునా బుట్టపూలు కావాలంటే మా కడియం పెద్దాయన మాట వినండి. జుంకా మందారం తూర్పు ఆఫ్రికా వేడి నేలల మొక్క. మధ్యాహ్నం నీడ, సరిపడా నీళ్ళు ఇస్తే ఇక్కడి ఎండకి తట్టుకుంటుంది. రెక్కలు చీలికలు చీలికలుగా వెనక్కి తిరిగి, మధ్యలో పొడవాటి దారానికి వేలాడే పుప్పొడి కుచ్చు. కమ్మలకేం తక్కువ కాదు.

మీ ప్రశ్నలు

*రిఫా నుంచి ఒక అక్క: మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. ఎందుకు?*
మొగ్గ మీదున్నప్పుడు చోటు మార్చారా? వేడిగాలి తగిలిందా? ఒకసారి బాగా ఎండిపోయి తర్వాత నీళ్ళు పోశారా? ఈ మూడింట్లో ఒకటి అయ్యుంటుంది. చోటు కదపకుండా పది రోజులు ఒకేలాగా చూసుకోండి.

*గుదైబియా చెల్లి: మాకున్నది పడమర బాల్కనీ ఒక్కటే. కొననా?*
ఫ్యూషియా వద్దమ్మా, డబ్బు దండగ. కాగితం పూలు, బిళ్ళగన్నేరు పెట్టుకో. అవి ఎండని చూసి నవ్వుతాయి.

*ముహరఖ్ నుంచి: ఊటీ వెళ్తున్నాం, సూట్‌కేసులో రెండు కొమ్మలు తేవచ్చా?*
వద్దు. మొక్కలు తేవాలంటే తెగుళ్ళు లేవనే సర్టిఫికెట్టు, ఇక్కడి అనుమతి కావాలి. అదేదో కాగితాల గొడవ కాదు. ఫ్యూషియాని గడ్డలు కట్టించి పాడుచేసే కంటికి కనపడని నల్లి ఒకటుంది. దక్షిణ అమెరికా నుంచి కొమ్మలతో ప్రయాణం చేసే అది కాలిఫోర్నియాకి, యూరప్‌కి చేరింది. ఫొటోలు తెచ్చుకోండి.

*జుఫేర్ అక్క: పిల్లాడు కాయ తినేశాడు, భయమా?*
ఫ్యూషియా కాయ విషం కాదు, తినేవాళ్ళూ ఉన్నారు. కానీ నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కకి ఏ మందు కొట్టారో మనకి తెలియదు. పిల్లలకి అందకుండా ఎత్తులో వేలాడదీయండి.

పోయినేడు మిగిలిన ఆ రెండు కొమ్మల్లో ఒకటి పై ఫ్లాట్ చెల్లికిచ్చాను. ఆమె భయపడుతూనే తీసుకుంది. ఈ ఫిబ్రవరిలో దానికి పదకొండు పూలు పూశాయి, నా దానికి ఏడే. నిన్న నేను నీళ్ళ మగ్గు పట్టుకుని ఆమె బాల్కనీలోకి వెళ్తే, "ఆగక్కా, ముందుగాల వేలు పెట్టి సూడు" అంది.

ఈ శనివారం బుదయ్య రైతుల సంతకి వస్తున్నాను. పొద్దున్నే రండి, కలుద్దాం. వచ్చే నెల ఎండాకాలం తట్టుకునే పది కుండీల జాబితా ఇస్తాను. అప్పటిదాకా మీ కుండీల్లో మట్టి ఒకసారి ముట్టుకుని చూడండి.